తుడవకండి, అతికించకండి, నూనె వేయకండి

పాత ఫొటోలను చెదలు తిన్నాయి, వానలు తడిపాయి, నిజమే. కానీ నేను చూసిన ఇళ్ళలో వాటికి ఎక్కువ హాని చేసింది ప్రేమ. తాతగారి ఫొటో మాసిపోయిందని తడిగుడ్డ పెట్టి తుడిచారు. చిరిగిందని సెల్లో టేపు వేశారు. ఇంకా పాడవుతుందేమోనని లామినేషన్ చేయించారు. నాన్నగారి కెమెరా బిగుసుకుపోయిందని కుట్టుమిషను నూనె నాలుగు చుక్కలు వేశారు. అన్నీ ఎవరో ఒకరు మంచి మనసుతో ఇచ్చిన సలహాలే. అంతే మంచి మనసుతో పాటించారు కూడా.

అందుకే నేను చెప్పేవి తలకిందులుగా ఉంటాయి. వినగానే మొండిగా, అడ్డదిడ్డంగా అనిపిస్తాయి. మీ వీధి చివర స్టూడియో అతను ఒప్పుకోడు. అమెరికా నుంచి సెలవులకొచ్చి నాలుగు రోజుల్లో ఆల్బమ్‌లన్నీ స్కాన్ చేసేసి వెళ్ళిపోవాలనుకునే అబ్బాయి అసలే ఒప్పుకోడు. అయినా ప్రతి మాటా ఆలోచించే చెబుతున్నాను. వీటన్నిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే. పాత ఫొటో ముందు సాక్ష్యం, ఆ తర్వాతే అందం. సాక్ష్యాన్ని చెరిపి అందం తెచ్చే పనిని నేను మరమ్మతు అనను.

గోడ మీది పటాన్ని తుడవకండి

హాల్లోనో దేవుడి గదిలోనో పెద్దల పటాలు ఉంటాయి. ఏటా తద్దినం నాడు దింపుతాం. అద్దాన్ని తడిగుడ్డతో తుడిచి, గంధం రాసి, బొట్టు పెట్టి, దండ వేస్తాం. ఆ తడి అద్దం అంచు దాకా జారి ఫ్రేము సందులోంచి లోపలికి దిగుతుంది. నలుపు తెలుపు ఫొటో అంటే కాగితం మీద పల్చటి జెలటిన్ పొర, ఆ పొరలో సన్నటి వెండి రేణువులు. జెలటిన్‌కు తడి తగిలితే ఉబ్బుతుంది, జిగురెక్కుతుంది. ఎదురుగా అద్దం ఆనుకుని ఉంటే దానికి అంటుకుని అక్కడే ఆరిపోతుంది. పాత పటాల్లో ఒక మూల ఎప్పుడూ తడిగా ఉన్నట్టు నిగనిగలాడే మచ్చ కనిపిస్తుంది చూడండి, అదే ఇది.

దుమ్ము పోవాలంటే పొడిగుడ్డ చాలు. బొట్టు అద్దం అంచుకు దూరంగా పెట్టండి. ఇప్పటికే అతుక్కుపోయిన ఫొటోను మాత్రం లాగకండి. బ్లేడు దూర్చకండి, ఆవిరి పట్టకండి, హెయిర్ డ్రయ్యర్ పెట్టకండి. లాగితే కాగితం చేతికొస్తుంది, ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. ఆ అద్దంతో కలిపే స్కాన్ చేయండి.

ఇందులో ఒక మెలిక ఉంది. ప్రింటరుతో కలిసి వచ్చే పల్చటి స్కానర్లలో చాలావాటికి సీఐఎస్ రకం సెన్సర్ ఉంటుంది. అది తన గాజుకు ఆనుకున్నదాన్ని మాత్రమే స్పష్టంగా చూస్తుంది. మధ్యలో పటం అద్దం మందం అడ్డమొస్తే బొమ్మ మసకబారుతుంది. కాస్త ఎత్తుగా ఉండే సీసీడీ స్కానర్లు ఆ పాటి లోతును తట్టుకుంటాయి. అలాంటిది దొరక్కపోతే ఫోను చాలు. పటాన్ని కిటికీ పక్కన, ఎండ నేరుగా పడని చోట నిలబెట్టండి. ఒక నల్లటి అట్టకు ఫోను లెన్సు పట్టేంత రంధ్రం చేసి, దాని వెనక నుంచి తీయండి. అద్దంలో మీ చొక్కా, మీ చేతులు కనిపించాల్సిన చోట నలుపే పడుతుంది. ఫ్లాష్ ఆపేయండి. ఫోను పటానికి సమాంతరంగా ఉండాలి, లేకపోతే తాతగారి భుజాలు ఒక పక్కకు ఒరుగుతాయి.

బూజు పట్టిన ఫొటోలదీ ఇదే దారి. బూజు తినేది జెలటిన్‌నే. అది తిన్న చోట పొర ఎంత మెత్తబడుతుందంటే, మామూలుగా తడికి ఉబ్బి ఊరుకునే జెలటిన్ అక్కడ నీళ్ళలో కరిగిపోతుంది. దూది తడిపి తుడిస్తే బూజుతోపాటు బొమ్మా వచ్చేస్తుంది. గాలి ఆడే గదిలో, నీడలో కొన్నాళ్ళు ఆరనివ్వండి. తర్వాత ఆరుబయటికి తీసుకెళ్ళి మెత్తటి కుంచెతో పైపైన దులపండి. మచ్చ మిగిలితే మిగలనివ్వండి.

తడిసినవాటిని ఎండబెట్టకండి

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. అలాంటి వరద తీసినప్పుడు మనం మొదట చేసే పని, తడిసిన ప్రతిదాన్నీ డాబా మీద ఎండబెట్టడం. బట్టలకు సరే, పుస్తకాలకు ఏదో కొంత సరే. ఫొటోలను మాత్రం అలా చేయకండి. ఒకదాని మీద ఒకటి పడి తడిసిన ఫొటోలు అలాగే ఆరితే అతుక్కుపోయి ఇటుక ముక్కలా తయారవుతాయి. తర్వాత వాటిని విడదీయడం ఎవరి తరమూ కాదు.

వినడానికి పిచ్చిగా ఉన్నా, తడిసిన ఆల్బమ్ ఆరకముందే అందులోని ప్రింట్లను శుభ్రమైన చల్లటి నీళ్ళ తొట్టిలో వేయండి. బురద నీళ్ళలో ఉన్నవి మళ్ళీ నీళ్ళలోకేనా అని ఇంట్లోవాళ్ళు అడ్డుపడతారు. నీళ్ళలో ఉన్నంతసేపు అవి ఒకదానికొకటి అతుక్కోవు. మెల్లగా విడివడతాయి, బురదా వదులుతుంది. బొమ్మ వైపు వేలు తగలకుండా అంచులు పట్టి తీసి, బొమ్మ పైకి ఉండేలా నూలుగుడ్డ మీద నీడలో పరవండి. ఈ పని రెండు రోజుల లోపే అయిపోవాలి. అంతకు మించి నానితే పొర కాగితాన్ని వదిలేస్తుంది. ఇల్లే మునిగినప్పుడు రెండు రోజులు ఎవరికీ తీరిక ఉండదు, తెలుసు. అప్పుడు తడి ఫొటోలను మధ్యమధ్య బటర్ పేపర్ పెట్టి, ప్లాస్టిక్ కవరులో కట్టి, కరెంటు ఉన్న చుట్టాలింట్లో డీప్ ఫ్రీజర్‌లో పెట్టించండి. గడ్డకట్టిన ఫొటో నెలల తర్వాతైనా మీ కోసం ఆగుతుంది. గాజు నెగటివ్‌లను మాత్రం ముంచకూడదు, ఫ్రీజర్‌లో పెట్టకూడదు. ఇంక్‌జెట్ ప్రింట్లను నీళ్ళలో వేయకూడదు, వాటి రంగు కరుగుతుంది.

ఇదంతా ఎందుకొచ్చిన గొడవ అనుకుంటే ఈ రోజే ఆల్బమ్‌లను బీరువా అడుగు అరలోంచి తీసి నడుమెత్తు అరలోకి మార్చండి. అటక మీద వద్దు. వేసవిలో అక్కడి వేడి రంగు ఫొటోలను త్వరగా ముసలివాటిని చేస్తుంది.

లామినేషన్ గురించి ఎక్కువ చెప్పను. వేడితో, జిగురుతో ప్లాస్టిక్‌ను అంటించాక దాన్ని మళ్ళీ విప్పే దారి లేదు. రేషన్ కార్డు జిరాక్సుకు చేయించండి, పెళ్ళి ఫొటోకు చేయించకండి. 1980లలో ఎగబడి కొనుక్కున్న సెల్ఫ్-స్టిక్ ఆల్బమ్‌లు కూడా ఈ కోవలోవే. పేజీ మీది జిగురు పసుపెక్కి ఫొటో వెనక్కి ఇంకుతుంది. సులువుగా ఊడితే తీయండి. ఊడకపోతే పళ్ళ సందులు శుభ్రం చేసుకునే దారాన్ని ఫొటో కింద దూర్చి రంపంలా మెల్లగా లాగి చూడండి. దానికీ రాకపోతే పేజీతోనే స్కాన్ చేసి వదిలేయండి.

ఆల్బమ్‌ను విప్పకండి, ఫొటోను ముందు వెనక్కి తిప్పండి

నల్లటి అట్ట పేజీలు, మధ్యలో సాలెగూడు డిజైన్ ఉన్న పల్చటి కాగితం, మూలలకు త్రికోణపు కార్నర్లు. ఇలాంటి ఆల్బమ్ చేతికి రాగానే ఫొటోలన్నీ ఊడబీకి కట్టగా పేర్చుకుని స్కాన్ చేయడం అందరూ చేసేదే. అలా చేయకండి. ఆ వరస ఎవరో ఆలోచించి పెట్టినది. పెళ్ళిచూపుల ఫొటో పక్కన ఏది పెట్టారు, ఏ ఫొటో ఊడి ఖాళీ కార్నర్లు మిగిలాయి, తెల్ల పెన్సిలుతో కింద ఏం రాశారు, అన్నీ సమాచారమే. ముందు ప్రతి పేజీనీ పేజీగా ఒక ఫొటో తీయండి, ఖాళీ పేజీలతో సహా. ఆ తర్వాతే ఒక్కొక్కటీ తీసి స్కాన్ చేయాలి. తీసినదాన్ని మళ్ళీ అక్కడే పెట్టాలి.

చేతిలోకి తీసుకున్న ప్రతి ఫొటోకీ ముందు వెనకవైపు స్కాన్ చేయండి. నన్నడిగితే చాలా ఫొటోల్లో విలువైన సగం అదే. స్టూడియో రబ్బరు స్టాంపు ఉంటుంది. ఊరి పేరు, వీధి పేరు ఉంటాయి. పెన్సిలుతో రాసిన నెగటివ్ నంబరు ఉంటుంది. కొన్నిటి మీద కోడక్ వారి వెలాక్స్ కాగితం ముద్ర ఏటవాలుగా కనిపిస్తుంది. అమెరికా వెళ్ళిన మొదటి తరం వాళ్ళు ఇంటికి పంపిన ప్రింట్లలో కొన్నిటికి తెల్ల అంచు మీదే నెల, సంవత్సరం అచ్చయి ఉంటాయి. అది ల్యాబులో ప్రింటు వేసిన తేదీ, ఫొటో తీసిన రోజు కాదు. అయినా దాన్ని బట్టి ఫొటో అంతకుముందుదే అని గట్టిగా చెప్పవచ్చు. ఆ తెల్ల అంచులు కత్తిరించి స్కాన్ చేసేవాళ్ళను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నలుపు తెలుపు ఫొటోనైనా కలర్ మోడ్‌లోనే స్కాన్ చేయండి. ప్రింటులోని గోధుమ ఛాయ, నీలి సిరా, ఎర్ర స్టాంపు, సరిగ్గా కడగకపోవడం వల్ల హైపో రసాయనం మిగిలి వచ్చిన పసుపు మరక, అంచుల్లో వెండి పైకి తేలి అద్దంలా మెరిసే చోటు, ఇవన్నీ ఆ ఫొటో జీవితం. దాన్ని బూడిదరంగులోకి కుదిస్తే మరక ఏదో నీడ ఏదో రేపు సరిచేసేవాడికి కూడా తెలియదు. స్కానరు సాఫ్ట్‌వేర్‌లో దుమ్ము తొలగించే బటన్, రంగులు తాజా చేసే బటన్, పదును పెంచే బటన్ ఉంటాయి. అన్నీ ఆపేయండి. మాసిన ఫొటో మాసినట్టే, చిరిగిన ఫొటో చిరిగినట్టే రావాలి. అదే మీ అసలు ప్రతి. ముక్కలైన ఫొటోను అతికించకండి. ముక్కలను పక్కపక్కనే పేర్చి స్కాన్ చేసి, ఒక కవరులో పెట్టండి. కలపడమంటూ ఉంటే అది కంప్యూటరులో, నకలు మీద.

కొలతల దగ్గర ఆశ పడకండి. మామూలు ప్రింటుకు 600 డీపీఐ చాలు. నాలుగు అంగుళాలకు ఆరు అంగుళాల ఫొటోకు అది 2400 x 3600 చుక్కలు ఇస్తుంది, అంటే ఎనభై ఆరు లక్షలకు పైగా. ఆ కాగితంలో అంతకు మించి చూడాల్సిన వివరం సాధారణంగా ఉండదు. పాస్‌పోర్ట్ సైజువాటికి, తాతల కాలపు బొటనవేలంత ఫొటోలకు 1200 పెట్టండి. టిఫ్ ఫైలుగా దాచుకోండి. జేపెగ్ నకలు పంచుకోవడానికి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే అది కుదించి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

మన ప్రాంతపు స్టూడియో ఫొటోల్లో ఒక ప్రత్యేకమైన తలనొప్పి ఉంది. సిల్క్ పేపరు ప్రింట్లు. చేత్తో తాకితే సన్నటి తేనెపట్టు గళ్ళు తగులుతాయి. కంటికి అందంగా ఉంటాయి గాని స్కాన్ చేస్తే ప్రతి గడి అంచూ మెరిసి, పెళ్ళికూతురి ముఖమంతా జల్లెడ కప్పినట్టు వస్తుంది. కారణం, స్కానరు దీపం ఒక్క వైపు నుంచే పడుతుంది. గళ్ళ గోడలు ఆ వైపు మెరుస్తాయి, రెండో వైపు నీడ పడుతుంది. ఇలాంటి ఫొటోను ఒకసారి నిటారుగా, ఒకసారి తలకిందులుగా స్కాన్ చేసి, రెండో దాన్ని కంప్యూటరులో తిప్పి మొదటిదానితో కలిపి సగటు తీస్తే గళ్ళు చాలావరకు మాయమవుతాయి. కెమెరా ఉన్నవాళ్ళకు ఇంకా సులువు. ఫొటోను బల్ల మీద పరిచి, అటూ ఇటూ ఒకే రకం దీపాలు 45 డిగ్రీల కోణంలో పెట్టి పైనుంచి తీస్తే ఒక దీపం వేసిన నీడను రెండోది తుడిచేస్తుంది.

ప్రింటు పోయినా ఫర్వాలేదు, నెగటివ్ పారేయకండి

ఆల్బమ్‌ను పట్టుచీరలా దాచుకునే ఇళ్ళలోనే నెగటివ్‌ల కవర్లు చెత్తబుట్టలోకి పోతాయి. ప్రింట్లు ఉన్నాయిగా, ఇవెందుకు అంటారు. అసలుది నెగటివే. స్టూడియో అతను ప్రింటు వేసేటప్పుడు పక్కన నిలబడ్డవాళ్ళను కోసేసి ఉంటాడు, వెలుతురు ఎక్కువైన ఆకాశాన్ని తెల్లగా వదిలేసి ఉంటాడు. అవన్నీ నెగటివ్‌లో ఉన్నాయి. 1970లు, 80ల రంగు ప్రింట్లు ఇప్పుడు ఎర్రబారి కనిపిస్తాయి. వాటిలోని నీలి ఛాయ రంగు చీకట్లో ఉన్నా సరే మిగతావాటికంటే త్వరగా వెలిసిపోవడమే కారణం. అదే ఫొటో నెగటివ్ బాగుంటే అందులోంచి అసలు రంగుకు దగ్గరగా రాబట్టవచ్చు.

సికిందరాబాదులో స్టూడియో నడిపి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా ఉన్న రాజా దీన్‌దయాళ్ 1905లో పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆ స్టూడియోలో నెగటివ్ మీదే నంబరు వేసేవారు. ఏ ఫొటో ముందుదో ఏది తర్వాతదో పరిశోధకులు తేల్చుకోవడానికి ఆ నంబర్లు పనికొస్తున్నాయి. గాజు పలకలను ఎవరో బరువనుకుని పారేయలేదు కాబట్టే ఇది సాధ్యమైంది. మీ ఇంటి 120 సైజు నెగటివ్‌లు కూడా అంత గౌరవానికి తగినవే.

35 ఎంఎం నెగటివ్‌కు 2400 డీపీఐకి తగ్గకండి. చతురస్రపు 120 నెగటివ్‌కు అదే కొలతలో ఐదు వేల పైచిలుకు చుక్కల వెడల్పు వస్తుంది. నలుపు తెలుపు నెగటివ్‌లకు స్కానరులో ఉండే డిజిటల్ ఐస్ వాడకూడదు. అది ఇన్‌ఫ్రారెడ్ కిరణంతో దుమ్మును పసిగడుతుంది. రంగు ఫిల్ములోని రంగులను ఆ కిరణం దాటిపోతుంది గాని వెండిని దాటలేదు. అందువల్ల అమ్మమ్మ జడను కూడా దుమ్మే అనుకుని చెరిపేస్తుంది. కవరు విప్పగానే సిర్కా వాసన ఘాటుగా వస్తే ఆ ఫిల్ము శిథిలమవుతోందని అర్థం. దాన్ని మిగతావాటికి దూరంగా పెట్టి మొదట దాన్నే స్కాన్ చేయండి. ఆ ఆవిరి పక్క ఫిల్ములను కూడా పాడు చేస్తుంది.

రంగులద్దకండి

ఇప్పుడు ఫోనులో ఒక్క నొక్కుతో నలుపు తెలుపు ఫొటో రంగుల్లోకి మారుతుంది, మసక ముఖం తేటపడుతుంది. ఇంట్లో అందరూ కళ్ళు తుడుచుకుంటారు. ఆ కన్నీళ్ళను నేను తక్కువ చేయను. కానీ ఆ చీర రంగు ఎక్కడి నుంచి వచ్చింది? బూడిదరంగులో ఎరుపూ పచ్చా దాదాపు ఒకేలా ఉండగలవు. ఆ యంత్రానికి మీ నాయనమ్మ చీర తెలియదు. తాను చూసిన లక్షల ఫొటోలను బట్టి ఒక రంగు వేసేసింది, అంతే. రేపు మీ పిల్లలు అదే నిజమనుకుంటారు.

ముఖాన్ని మెరుగుపరిచేవి ఇంకా ప్రమాదం. నేను దగ్గరగా చూసిన ఒక ఫొటోలో పెద్దావిడ ముక్కు కింద బులాకీ ఉంది, అసలు ప్రింటులో చిన్న తెల్ల చుక్కలా. మెరుగుపరిచిన ప్రతిలో అది లేదు. యంత్రం దాన్ని గీతనుకుందో దుమ్మనుకుందో నున్నగా చర్మం పరిచేసింది. పక్కన నిలబడ్డాయన బుగ్గల మీది స్ఫోటకం మచ్చలూ పోయాయి. ఆ తరంలో ఆ మచ్చలు ఉన్నాయంటే ఆయన ఆ జబ్బును తట్టుకుని బతికాడన్నమాట. కుటుంబ చరిత్రలో అంత పెద్ద సంగతిని ఒక అందం బటన్ తీసేసింది. మిగిలింది ఎవరిదీ కాని ముఖం.

పాత స్టూడియోల్లోనూ నెగటివ్ మీద పెన్సిలు పెట్టి ముఖాలు నునుపు చేసేవారు, ప్రింట్లకు చేత్తో రంగులు వేసేవారు. ఆ పనివాడు చీర రంగేమిటని అడిగి వేయగలిగేవాడు. పైగా అది రంగు వేసిన ఫొటో అని చూస్తేనే తెలిసేది. మీకు రంగు ప్రతి కావాలనే ఉంటే చేయించుకోండి, కానీ ఫైలు పేరులోనే ‘ఊహించిన రంగులు’ అని రాయండి. అసలు స్కాన్ లేకుండా దాన్ని ఒక్కదాన్నే ఎవరికీ పంపకండి.

కెమెరాను పనిచేయించకండి

అటక మీద దొరికిన కెమెరాను మొదట ఏం చేస్తాం? వెనక మూత తెరుస్తాం. అదే చేయకూడదు. లోపల రీలు ఉండవచ్చు. రీలు చుట్టే మీట తిప్పితే బిగువు తగులుతోందా చూడండి, ఆగ్ఫా క్లిక్ లాంటి పెట్టె కెమెరాలైతే వెనకున్న ఎర్ర గాజు గుండ్రంలోంచి అంకె కనిపిస్తోందా చూడండి. ఉంటే చీకటి గదిలోనే తీయించండి. కడగని రీలులో దశాబ్దాల తర్వాత కూడా బొమ్మలు మిగిలిన సందర్భాలున్నాయి, ముఖ్యంగా నలుపు తెలుపువి. పాత రంగు రీలునైనా నలుపు తెలుపు పద్ధతిలో కడిగిస్తే ఎంతో కొంత దక్కుతుంది. ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడని ఫొటో అందులో ఉండవచ్చు.

ఇక నూనె. పాత కెమెరాలో లెన్సు మధ్య ఉండే రేకుల షట్టరు పొడిగా నడవాలి. దాని రేకులు కాగితం కంటే పల్చన. వాటి మధ్యకు నూనె పాకితే ఒకదానికొకటి అతుక్కుపోతాయి. యాషికా మ్యాట్ లాంటివాటిలో ముందుగా మొరాయించేవి ఒక సెకను, అర సెకను లాంటి నెమ్మది వేగాలు. వాటిని నడిపే చిన్న పళ్ళ చక్రాల్లో గ్రీజు ఎండిపోవడం దానికి కారణం. నూనె చుక్క ఆ రోజుకు కదిలిస్తుంది, తర్వాత రేకుల మీదికి చేరి మొత్తం ఆపేస్తుంది. దీనికి మందు విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ బిగించగల పనివాడు. అతను దొరికేదాకా కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె, తుప్పు వదిలించే స్ప్రే, ఏవీ దగ్గరికి రానివ్వకండి. బిగుసుకున్న మీటను బలంగా నొక్కకండి. సెల్ఫ్ టైమర్ మీట జోలికి అసలు పోకండి. పాత షట్టర్లు ఎక్కువగా అక్కడే ఇరుక్కుని నిలిచిపోతాయి.

తోలు కేసులో దాచడం మరో ముచ్చటైన తప్పు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం గాలిలోని తేమను ఆ తోలు పీల్చుకుని లెన్సుకు అందిస్తుంది. లెన్సు అంచున సాలీడు కాళ్ళలా పాకే ఫంగస్ అలా మొదలవుతుంది. అది వదిలే ఆమ్లం అద్దం మీది పూతను తినేశాక తుడిచినా గుర్తు పోదు. కేసును విడిగా పెట్టండి. కెమెరాను మూత గట్టిగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి, ఆ పొట్లాల రంగు మారగానే వేడి చేసి మళ్ళీ వాడుకోండి. లోపల తేమ 40, 50 శాతం మధ్య ఉంటే చాలు.

బ్యాటరీ గదిలో పచ్చటి పొడి కనిపిస్తే పాత సెల్లు కారిందని. యాషికా మ్యాట్ 124జి మీటరుకు 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్లు వాడేవారు, ఇప్పుడవి మార్కెట్లో లేవు. అదే సైజు ఆల్కలైన్ సెల్లు 1.5 వోల్టులది, పెడితే మీటరు తప్పు చెబుతుంది. చెవి మిషన్లలో వాడే 675 సెల్లు 1.4 దగ్గర ఉంటుంది, దగ్గరగా సరిపోతుంది. నా మాట వింటే మీటరునే మరిచిపోండి. మన ఎండలో 100 స్పీడు రీలుకు అపర్చర్ 16, వేగం 125 పెట్టి తీయండి, నీడలో అపర్చర్ రెండు మూడు మెట్లు తెరవండి.

బాగుచేయించేటప్పుడు కొత్తదానిలా చేయమని అడగకండి. పాత తోలు ఊడబీకి రంగు రెగ్జిన్ వేయించడం, అరిగిన నల్ల రంగు మీద పెయింటు కొట్టించడం వద్దు. మీ నాన్నగారి బొటనవేలు ఆని ఆని ఇత్తడి బయటపడిన చోటు ఆయన సంతకం. మూత అంచుల్లో తారులా కరిగిన పాత ఫోమ్ తీసి కొత్తది వేయించండి, లేకపోతే వెలుతురు లోపలికి కారుతుంది. అంతవరకు అవసరం. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్-3 మన ఇళ్ళలో చాలామంది మొదటి కెమెరా. 120 రీలులో పన్నెండు బొమ్మలు, ఫోకస్ తిప్పే పని లేదు. ఎండా మబ్బూ తేడా చూసుకుంటే చాలు. అందులో పాడవడానికి ఉన్నది చాలా తక్కువ. లెన్సు శుభ్రంగా ఉంటే ఈ రోజు 120 రీలు కొని వేసినా పలుకుతుంది. అదే పాత 127 రీలు అడిగే కెమెరా అయితే కోడక్ ఆ రీలును 1995లోనే ఆపేసింది, దానికోసం వేట మొదలుపెట్టకండి. అది పనిచేయకపోయినా పారేయకండి. దానితో తీసిన ఫొటోలు ఇంట్లో ఉన్నాయి, వాటి పక్కన ఉండాల్సింది అదే.

స్కానింగ్ ఆపి, పేర్లు రాయండి

ఇన్ని చెప్పినా, సమయం ఒక్క పనికే ఉందంటే అది స్కానింగ్ కాదంటాను. ఫొటో ఇంకో యాభై ఏళ్ళు ఆగుతుంది. అందులో ఉన్నది ఎవరో చెప్పగలిగినవాళ్ళు ఆగరు. వేలాది ఫైళ్ళు చక్కగా స్కాన్ చేసుకుని, అందులో సగం ముఖాలు ఎవరివో తెలియని కుటుంబాలు ఎన్ని ఉన్నాయో చూస్తే గుండె బరువెక్కుతుంది.

పేర్లు రాసేటప్పుడు ‘పెద్దమ్మ’, ‘బావగారు’, ‘చంటి’ అని రాయకండి. ఎవరికి పెద్దమ్మ? మీ మనవడికి చంటి ఎవరు? ఇంటిపేరుతో పూర్తి పేరు రాయండి. ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరు, అత్తింటి ఇంటిపేరు రెండూ రాయండి. లేకపోతే వాళ్ళ సగం చరిత్ర అక్కడే తెగిపోతుంది. ఎడమ నుంచి కుడికి, కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు అని వరసగా రాయండి. ఏ ఊరు, ఏ సందర్భం, సుమారు ఏ సంవత్సరం కూడా చేర్చండి. తేదీ ఖాయంగా తెలియకపోతే ‘పెద్దబ్బాయి పుట్టకముందు’ అని ఉన్నా మేలే. ఫొటో వెనక బాల్‌పెన్నుతో ఒత్తి రాయకండి, ముందువైపు గీత తేలుతుంది. మెత్తటి పెన్సిలుతో అంచున రాయండి, లేదా కవరు మీద రాసి అందులో పెట్టండి. స్కాన్ చేసినదానికి 0147-ముందు, 0147-వెనుక అని అదే నంబరు ఇవ్వండి. నకళ్ళు మూడు చోట్ల ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉన్న అన్నదమ్ముల ఇంట్లో.

ఇంట్లో ఎనభై దాటినవాళ్ళు ఉంటే స్కానరు కొనడం వాయిదా వేయండి. ఆల్బమ్ వాళ్ళ ఒళ్ళో పెట్టి, ఫోనులో రికార్డింగ్ ఆన్ చేసి, ఒక్కో ఫొటో చూపిస్తూ ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగండి. ఎంత పక్కదారి పట్టినా ఆపకండి, చెప్పనివ్వండి. రికార్డు చేసే ప్రతి ఫొటోకూ ఒక నంబరు పెట్టి పైకి చదవండి, తర్వాత వెతుక్కోవడానికి. ఈ ఆదివారమే మొదలుపెట్టండి.